రిజిస్టరులో ఎప్పుడూ నాలుగు డిగ్రీలే

2021 జూన్ 1న రష్యా నుంచి వచ్చిన ప్రత్యేక సరుకు విమానం ఒకటి శంషాబాద్‌లో దిగింది. అందులో ఉన్నవి 56.6 టన్నుల స్పుత్నిక్-వి టీకాలు. అప్పటిదాకా దేశంలోకి ఒక్క విడతలో దిగుమతి అయిన కొవిడ్ టీకాల్లో అదే పెద్ద సరుకు. మైనస్ 20 డిగ్రీల చలి చెదరకుండా వాటిని దించి, కస్టమ్స్ దాటించి, బయటికి పంపేశారు. మందుల కోసమే ప్రత్యేకంగా శీతల గదులు కట్టుకున్న విమానాశ్రయం కాబట్టి అక్కడెవరూ దాన్ని గొప్పగా చెప్పుకోలేదు. రోజూ చేసే పనే, ఆ రోజు కాస్త ఎక్కువగా చేశారు.

ఆ విమానాశ్రయం ప్రహరీ దాటితే రాళ్లగూడ, తొండుపల్లి, మామిడిపల్లి, గగన్‌పహాడ్. అక్కడి పసిపిల్లలకు వేసే టీకాలకూ చలి కావాలి, కాకపోతే మరీ అంత అక్కర్లేదు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంటే చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓ మూలన, పైకి తెరుచుకునే మూతతో తెల్లటి పెట్టె ఒకటి ఉంటుంది. సిబ్బంది దాన్ని ఐఎల్ఆర్ అంటారు. లోపల ఒక థర్మామీటరు, పక్కనే దారంతో కట్టిన రిజిస్టరు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మూత తీసి, అంకె చూసి, రాసి, సంతకం పెట్టాలి. చలి తగ్గితే టీకా సత్తువ పోతుంది. చలి మరీ ఎక్కువై గడ్డకడితే పెంటావాలెంట్, టీడీ టీకాలు పనికిరాకుండా పోతాయి. చిక్కేమిటంటే, ఒకసారి గడ్డకట్టి కరిగిన సీసా చూడటానికి మామూలుగానే ఉంటుంది. సీసా మీద రంగు మారే గుర్తు వేడిని పట్టిస్తుందిగానీ గడ్డకట్టడాన్ని పట్టించదు. కాబట్టి ఆ రిజిస్టరే సాక్ష్యం.

ఏ జిల్లాలోనైనా, ఏ కేంద్రంలోనైనా ఆ రిజిస్టరు తెరిచి చూడండి. నెల పొడుగునా పొద్దున 4, సాయంత్రం 4, మళ్లీ పొద్దున 4 అని ఒకే కలంతో, ఒకే ఒత్తుతో, ఆదివారంతో సహా రాసి ఉంటే అనుమానించాల్సిందే. మే నెల మధ్యాహ్నం మూడు గంటలు కరెంటు పోయిన రోజున కూడా నాలుగేనా? మరో చోట ఒక సాయంత్రం 9 అని ఉంటుంది. పక్కన ఎర్ర సిరాతో కరెంటు ఎప్పుడు పోయిందో, ఎప్పుడు వచ్చిందో, సీసాలను ఐస్‌ప్యాకులున్న కోల్డ్‌బాక్సులోకి ఎప్పుడు మార్చారో రాసి ఉంటుంది. ఈ రెండు కేంద్రాల్లో తనిఖీకి వచ్చిన అధికారి ఎవరిని మెచ్చుకుంటారు, ఎవరిని సంజాయిషీ అడుగుతారు? ఆ కేంద్రంలో వచ్చే పదేళ్ల పని తీరు ఆ ఒక్క సంఘటనతో తేలిపోతుంది. తొమ్మిది రాసిన మనిషికి మెమో వస్తే ఆ జిల్లాలో ఇంకెవరూ తొమ్మిది రాయరు. ఇప్పుడు ఈవిన్ అనే ఆన్‌లైన్ టీకా నిఘా వ్యవస్థ కింద సెన్సర్లు పెట్టి, చలి తప్పితే ఫోన్‌కు సందేశం పంపిస్తున్నారు. మంచిదే. కానీ రాత్రి రెండు గంటలకు సందేశం చూసి లేచే మనిషి మాత్రం సెన్సరుతో రాడు.

ప్రభుత్వ వైద్యంలో ‘సంస్కృతి మారాలి’, ‘నాయకత్వం కావాలి’ అన్న మాటలు సమీక్షా సమావేశాల్లో తరచూ వినపడతాయి. వినడానికి బరువుగా ఉంటాయిగానీ చేతికి చిక్కవు. నిజానికి దవాఖాన సంస్కృతి అంటే పై అధికారి రోజూ అడిగే ప్రశ్న. సిబ్బంది ఆ ప్రశ్నకు జవాబు దొరికే పనే చేస్తారు. ‘ఎన్ని అయ్యాయి?’ అని అడిగితే ఎన్నో కొన్ని అవుతాయి. ‘ఎవరు మిగిలిపోయారు?’ అని అడిగితే మిగిలినవారి గడప తొక్కుతారు.

ఈ రెండో ప్రశ్న ఎంత బలమైందో చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు. పోలియో చుక్కల వారం గుర్తున్నవారికి ఇళ్ల గోడల మీద సుద్దముక్కతో రాసిన గుర్తులూ గుర్తుండే ఉంటాయి. ఆ ఇంట్లో పిల్లలందరికీ చుక్కలు పడితే ‘పి’, ఒక్కరు మిగిలినా ‘ఎక్స్’. సాయంత్రం సమీక్షలో చర్చంతా ఎక్స్ ఇళ్ల గురించే. తాళం వేసి ఉందా, పాప అమ్మమ్మగారింటికి వెళ్లిందా, తండ్రి వద్దన్నాడా, రేపు ఎవరు వెళ్తారు? వేసిన చుక్కల లెక్క కన్నా వేయనివాటి లెక్క ముఖ్యమని అందరికీ తెలిసిన పని అది. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో కేసు ఒక్కటీ రాలేదు. 2016లో హైదరాబాద్ మురుగునీటి నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ కనిపించినప్పుడు, జెనీవా నుంచి 2 లక్షల ఇంజెక్షన్ టీకాలు తెప్పించి, జూన్ 20 నుంచి వారం రోజుల్లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లోని ముప్పున్న బస్తీల్లో సుమారు 3 లక్షల మంది పిల్లలకు వేయాలని బయల్దేరారు. ఆ పని మోసింది ఎవరు? ‘పనిచేయరు’ అని మనం తిట్టుకునే అదే ఏఎన్ఎంలు, అదే ఆశ కార్యకర్తలు.

శంషాబాద్‌కైతే ఇంకో ఘనత కూడా ఉంది. విమానాశ్రయం 2008 మార్చిలో తెరుచుకుంది. 14 నెలలు తిరక్కుండానే, 2009 మే 13న అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుణ్ని ఇక్కడి వైద్య తనిఖీలో పట్టుకుని, ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రికి పంపారు. దేశంలో నిర్ధారణ అయిన మొదటి స్వైన్‌ఫ్లూ కేసు అదే. కేంద్రం చేతిలోని విమానాశ్రయ ఆరోగ్య విభాగం, రాష్ట్ర ఆస్పత్రి, నమూనా పరీక్షించిన ప్రయోగశాల మూడూ ఒక గొలుసులా కదిలాయి. ఎవరి ప్రశ్న ఏమిటో ఎవరికి వారికి తెలిసినప్పుడు యంత్రాంగం ఇలాగే కదులుతుంది.

మామూలు రోజుల్లో మాత్రం ఆ గొలుసు తెగిపోయి కనిపిస్తుంది. దానికి మనుషుల సోమరితనం కన్నా పెద్ద కారణం ఉంది. ఈ ఒక్క ఊరి ఆరోగ్యానికి పెద్దదిక్కు ఎవరని అడిగితే వేలు ఒకవైపు చూపించలేం. విమానాశ్రయంలో తనిఖీలు, ఎల్లోఫీవర్ కార్డు చూడటం కేంద్ర ఆరోగ్యశాఖ పని. ప్రాథమిక కేంద్రాలు, ఉపకేంద్రాలు జిల్లా వైద్యారోగ్యాధికారి కింద ఉంటాయి. వాటి పైమెట్టు అయిన సామాజిక ఆరోగ్య కేంద్రాలు, ఏరియా ఆస్పత్రులు 1986 చట్టంతో పుట్టిన వైద్య విధాన పరిషత్ పరంపరలోవి. అక్కడి నుంచి రోగిని పంపే ఉస్మానియా, నిలోఫర్, పేట్లబురుజు ఆస్పత్రులు వైద్య విద్య సంచాలకుల కిందివి. బస్తీ దవాఖానలకు జీతాలు జాతీయ ఆరోగ్య మిషన్ నిధుల నుంచి. 108 వాహనం నడిపేది వేరే సంస్థ. అంగన్‌వాడీ స్త్రీ శిశు సంక్షేమ శాఖది. దోమలు, చెత్త, మురుగు 2018 నుంచి మునిసిపాలిటీ నెత్తిన ఉండేవి. 2025 చివర్లో శివారు పట్టణాలను కలుపుకొన్నప్పుడు అవి జీహెచ్ఎంసీకి బదిలీ అయ్యాయి. గగన్‌పహాడ్‌లో రేకుల గదిలో ఉండే ఒడిశా కూలీ కుటుంబానికి డెంగీ వస్తే, దోమ ఒక శాఖది, జ్వరం ఇంకో శాఖది, రక్తపరీక్ష మరో శాఖది, బెడ్డు నాలుగో శాఖది.

ఇంతమంది యజమానులున్న చోట ఉమ్మడిగా మిగిలేది ఒక్కటే, అంకె. ఎవరి నివేదికలో వారి అంకె సరిగ్గా ఉంటే చాలు. ఆ అంకె మనిషి ప్రాణం కన్నా పెద్దదైతే ఏమవుతుందో రంగారెడ్డి జిల్లా కళ్లారా చూసింది.

శంషాబాద్ నుంచి ఔటర్ రింగురోడ్డు ఎక్కితే ముప్పావుగంటలో ఇబ్రహీంపట్నం. 2022 ఆగస్టు 25న అక్కడి సామాజిక ఆరోగ్య కేంద్రంలో కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల శిబిరం పెట్టారు. శిబిరంలో ఒక్క రోజే 34 మంది మహిళలకు డీపీఎల్ పద్ధతిలో, అంటే పొట్ట మీద రెండు చిన్న రంధ్రాలు చేసి, ట్యూబెక్టమీ చేశారు. అదే రోజు ఇళ్లకు పంపారు. నాలుగైదు రోజులు తిరక్కుండానే వాళ్లలో నలుగురు చనిపోయారు. అందరూ చిన్న వయసు తల్లులు, ఇళ్ల దగ్గర పసిపిల్లలున్నవాళ్లు. మిగిలిన 30 మందిని హడావిడిగా నిమ్స్‌కు, ఒక కార్పొరేట్ ఆస్పత్రికి తరలించి కాపాడుకున్నారు. శస్త్రచికిత్స పరికరాల శుద్ధి సరిగా లేక సోకిన ఇన్ఫెక్షనే కారణమన్నది విచారణలో తేలిన సారం. విచారణ తర్వాత 13 మంది మీద చర్యలు తీసుకున్నారు. కొందరికి సస్పెన్షన్, కొందరికి బదిలీ. ఒక వైద్యుడి మీద క్రిమినల్ కేసు పెట్టారు.

శిక్షలు పడ్డాయి కదా, ఇంకేం కావాలని అడగవచ్చు. ఒక బృందం రోజుకు 30కి మించి చేయకూడదన్నది కేంద్ర ప్రమాణాల్లో ఎప్పటినుంచో ఉన్న నియమం. ఇబ్రహీంపట్నం తర్వాత మన రాష్ట్రంలో దాన్ని మళ్లీ కొత్తగా చెప్పాల్సి వచ్చింది. అంతకుముందు, 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే రోజు ఒకే శిబిరంలో 83 మందికి ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా చనిపోయారు. ఆ దారుణం తర్వాత, 2016 సెప్టెంబరులో దేవికా బిశ్వాస్ కేసు తీర్పులో, ఇలాంటి శిబిరాల పద్ధతికి మూడేళ్లలో స్వస్తి పలకాలని సుప్రీంకోర్టు చెప్పింది. మూడేళ్లంటే 2019. ఇబ్రహీంపట్నం శిబిరం 2022లో.

నియమం ఉంది, తీర్పు ఉంది, బిలాస్‌పూర్ అనుభవం ఉంది. అయినా శిబిరం జరిగింది. ఎందుకంటే 34 మంది క్యూలో కూర్చున్నప్పుడు, ‘ఈ పరికరం ఇంకా ఉడకాలి సార్, ఆగుదాం’ అనగలిగే నర్సు ఆ గదిలో కావాలి. ఆ మాట అన్నందుకు ఆమెను కసురుకోని సర్జన్ కావాలి. ఆ రోజు 34 కాస్తా 14 అయితే, సాయంత్రం వీడియో కాన్ఫరెన్సులో ‘ఎందుకు తగ్గింది?’ అని గద్దించని జిల్లా అధికారి కావాలి. ఈ ముగ్గురూ లేని చోట చట్టం గోడకు వేలాడుతుంది.

ఇక్కడో వింత కూడా చెప్పుకోవాలి. కుటుంబ నియంత్రణలో పైనుంచి టార్గెట్లు పెట్టే పద్ధతిని కేంద్రం 1996 ఏప్రిల్‌లో దేశమంతటా ఎత్తేసింది. కాగితం మీద టార్గెట్ పోయింది. దాని స్థానంలో ‘ఆశించిన సాధన స్థాయి’ అనే ఓ మర్యాదస్తురాలైన మాట వచ్చి కూర్చుంది. ఏఎన్ఎంను అడిగితే ఇప్పటికీ ‘నా టార్గెట్ ఇంత’ అనే చెబుతుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెళ్లయిన ప్రతి పదిమంది స్త్రీలలో ఆరుగురు ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవారి వాటా వందకు రెండు మూడు కూడా దాటదు. ‘ఎన్ని?’ అన్న ప్రశ్న ఎవరి పొట్ట మీద పడుతోందో ఈ లెక్కే చెబుతోంది.

అంకెల వెంట పరుగెత్తి బోర్లాపడటం మనకొక్కరికే పట్టిన తెగులు కాదు. ఇంగ్లండ్‌లోని స్టాఫోర్డ్ ఆస్పత్రిలో 2005 నుంచి 2009 దాకా ఏం జరిగిందో రాబర్ట్ ఫ్రాన్సిస్ అనే న్యాయవాది విచారించి 2013 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చారు. ఆర్థిక లక్ష్యాలు, నిరీక్షణ సమయాల లక్ష్యాలు సాధించే తొందరలో నర్సులను తగ్గించేశారు. వృద్ధ రోగులు నీళ్లు అడిగినా ఇచ్చేవారు లేక, పక్క గుడ్డలు మార్చేవారు లేక అల్లాడారు. కాగితాల మీద మాత్రం ఆస్పత్రి పాసైపోతూనే ఉంది. ఫ్రాన్సిస్ 290 సిఫారసులు చేశారు. ఆ వెంటనే బ్రిటన్ ప్రభుత్వం అమెరికా వైద్యుడు డాన్ బెర్విక్‌ను పిలిపించి సలహా అడిగితే, ఆయన బృందం తేల్చింది ఇదీ: తప్పులకు ఎక్కువగా కారణం వ్యవస్థే, భయపెట్టడం మానండి, అంకెల లక్ష్యాలను జాగ్రత్తగా వాడండి. ధనిక దేశపు ఆస్పత్రికీ, మన మండల కేంద్రపు దవాఖానకూ రోగలక్షణాలు ఇంతగా కలవడం చూస్తే, మనవాళ్లకు పని చేతకాదన్న నింద వీగిపోతుంది.

భయం లేకుండా తప్పు చెప్పడం ఎలాగో నేర్చుకోవాలంటే శంషాబాద్ దవాఖానల వారు లండన్ వెళ్లనక్కర్లేదు. నెత్తిమీదుగా రోజూ వందల విమానాలు పోతూనే ఉన్నాయి.

విమానయానం ఒకప్పుడు ఇంతకన్నా పెద్ద అహంకారాల రంగం. కెప్టెన్ మాటకు ఎదురు లేదు. 1977 మార్చి 27న టెనెరిఫే విమానాశ్రయంలో మంచు కమ్మిన రన్‌వే మీద రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. రన్‌వే ఇంకా ఖాళీ కాలేదేమోనన్న అనుమానం ఒక విమానంలోని ఫ్లైట్ ఇంజినీరుకు వచ్చింది. పైకి అడిగాడు కూడా. అనుభవజ్ఞుడైన కెప్టెన్ కొట్టిపారేశాడు. ఇంజినీరు మళ్లీ రెట్టించలేదు. ఆ తర్వాతే కాక్‌పిట్‌లో చిన్నవాడు పెద్దవాడికి అడ్డు చెప్పడాన్ని ఒక పాఠంగా, పరీక్ష పెట్టి మరీ నేర్పించడం మొదలైంది. ప్రమాదాల విచారణ గురించి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల్లో ఉన్న మాట ఇంకా ఆసక్తికరం. విచారణ ఉద్దేశం మళ్లీ జరగకుండా చూడటమే తప్ప ఎవరి మీదో నింద వేయడం కాదు.

ఆ అలవాటును ఆపరేషన్ థియేటర్‌లోకి తెచ్చే ప్రయత్నం 2008లో జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం అతుల్ గవాండే బృందం 19 అంశాల పట్టిక ఒకటి తయారు చేసింది. అందులో రాకెట్ సైన్సేమీ లేదు. రోగి పేరు సరిచూశారా, కోతకు ముందు యాంటీబయాటిక్ ఇచ్చారా, పరికరాలు శుద్ధి అయ్యాయని నర్సు పైకి చెప్పిందా, గదిలో ఉన్నవారంతా తమ పేరూ పనీ చెప్పుకున్నారా... ఇలాంటివే. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆస్పత్రుల్లో వాడి చూస్తే శస్త్రచికిత్స మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికీ, ఇతర ఇబ్బందులు 11 నుంచి 7 శాతానికీ తగ్గాయి. పేర్లు చెప్పుకోవడమెందుకని చాలామంది నవ్వారు. కానీ ఒకసారి నోరు విప్పి పేరు చెప్పిన నర్సు, తర్వాత తేడా కనిపిస్తే మళ్లీ నోరు విప్పుతుంది. మన దగ్గర చాలా థియేటర్ల గోడకు ఆ పట్టిక లామినేట్ చేసి తగిలించి ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక కేసుషీటులో టిక్కులు పెట్టుకోవడమా, కోతకు ముందు బిగ్గరగా చదవడమా అన్నదే తేడా.

మన పాలనలో నాయకత్వం అనగానే కళ్లకు కట్టే దృశ్యం మాత్రం వేరు. అధికారి కారు దిగుతాడు, మరుగుదొడ్డి తలుపు తోస్తాడు, హాజరుపట్టీ తెప్పిస్తాడు, ఒకరిని సస్పెండ్ చేస్తాడు. మర్నాడు పేపర్లో ఫొటో. ఆకస్మిక తనిఖీ చెడ్డదని కాదు. రాని డాక్టరును పట్టుకోవడానికి అదొక్కటే మందు కావచ్చు కూడా. కాకపోతే, అది నేర్పే పాఠం ఒక్కటే: సారు వచ్చినప్పుడు సీట్లో ఉండాలి. ఐఎల్ఆర్ రిజిస్టరులో నాలుగు ఉండాలి.

ఇంకో తరహా నాయకత్వం కూడా తెలంగాణ చూసింది. 2017లో భూపాలపల్లి కలెక్టరుగా ఉన్న ఆకునూరి మురళి తన కూతురి కాన్పు ములుగు ప్రభుత్వాస్పత్రిలో చేయించారు. 2021 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం కలెక్టరు అనుదీప్ దురిశెట్టి భార్య భద్రాచలం ఏరియా ఆస్పత్రిలో ప్రసవించారు. వీటిని ప్రచారమని తీసిపారేసేవారున్నారు. కలెక్టరు కుటుంబం ఉన్న వారం ఆ వార్డు తళతళలాడుతుందన్న వెటకారంలో నిజం లేకపోలేదు. అయినా, ‘నా ఇంటి మనిషిని ఇక్కడికే తెస్తాను’ అన్నది సర్క్యులర్ చెప్పలేని సంగతి చెబుతుంది. అక్కడి స్టాఫ్ నర్సుకు తన చేతిమీద ఒక నమ్మకం కలుగుతుంది. అదే 2017లో కేసీఆర్ కిట్ వచ్చింది. సర్కారు దవాఖానలో మగబిడ్డ పుడితే 12,000, ఆడబిడ్డ పుడితే 13,000 రూపాయలు, పసిబిడ్డకు కావాల్సిన సామాను. నాలుగో కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కాన్పుల్లో 30 శాతం సర్కారు దవాఖానల్లో జరిగేవి. అయిదో సర్వే నాటికి అవి 50 శాతానికి చేరాయి. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2014-16లో 81 ఉండగా 2018-20కి 43కు దిగాయి. ఇది చిన్న విజయం కాదు. ఊరికే తిట్టిపోయడం తేలిక కాబట్టి ఈ అంకెలు ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి.

అయితే జనం వచ్చినంత తేలిగ్గా పద్ధతులు రాలేదు. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం కోతలే. దేశంలో ఇంకే రాష్ట్రమూ దీని దరిదాపుల్లో లేదు. ప్రైవేటులో 81 శాతం దాటింది సరే, సర్కారులోనూ 44 శాతం పైనే. పంచాంగం చూసి ముహూర్తం అడిగే కుటుంబం, నొప్పులు భరించలేనని ఏడ్చే పిల్ల, తెల్లారేదాకా ఆగే ఓపిక లేని డ్యూటీ అందరికీ ఇందులో వాటా ఉంది. దీన్ని మార్చడానికి జరిగిన పనుల్లో అన్నిటికన్నా తెలివైనది, అన్నిటికన్నా తక్కువ పేరొచ్చింది మిడ్‌వైఫరీ. 2017లోనే యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ తోడ్పాటుతో కరీంనగర్‌లో 30 మంది ప్రభుత్వ నర్సులకు 18 నెలల శిక్షణ మొదలుపెట్టారు. నొప్పుల్లో ఉన్న ఆమెను వెల్లకిలా కట్టిపడేయకుండా నడవనివ్వడం, వెంట ఒక మనిషిని ఉండనివ్వడం, అనవసరంగా కోయకపోవడం నేర్పించారు. చెప్పుకోవాల్సింది ఆ మెళకువల గురించి ఒక్కటే కాదు. ‘మేడం వచ్చేదాకా ఆగు’ అన్న మాట మీద నడిచే లేబర్ రూములో నిర్ణయం తీసుకునే అధికారం నర్సు చేతికి వచ్చింది. మేడంకు అది మొదట్లో మింగుడు పడకపోవడం కూడా సహజమే.

అసలు స్థానిక దవాఖానలో నాయకుడెవరన్న ప్రశ్నకు మనం తప్పు మనిషిని చూపిస్తున్నాం. మెడికల్ ఆఫీసరు చాలాచోట్ల కుర్రవాడు. రెండు మూడేళ్లు చేసి ఇన్‌సర్వీస్ కోటాలో పీజీకి వెళ్తాడు, తప్పేమీ లేదు. బస్తీ దవాఖాన డాక్టరు కాంట్రాక్టు మీద ఉంటాడు, అంతకన్నా మంచి కొలువు దొరికిన రోజున వెళ్లిపోతాడు. జిల్లా అధికారి ప్రభుత్వం మారితే మారతాడు. పదిహేను, ఇరవై ఏళ్లుగా అదే కుర్చీలో, అదే ఊళ్లలో ఉండేది హెడ్ నర్సు, ఆరోగ్య పర్యవేక్షకురాలు, ఏఎన్ఎం. ఏ గల్లీలో ఏ కోడలు నెల తప్పిందో, ఏ తాగుబోతు టీబీ మందులు మధ్యలో వదిలేశాడో వాళ్లకు తెలుసు. కానీ సమీక్షలో వాళ్లు గోడకు ఆనుకుని నిలబడతారు. మైకు వాళ్ల దాకా వచ్చేది అంకె తక్కువైనప్పుడే.

శంషాబాద్‌లాంటి చోట ఈ లోటు మరింత తెలుస్తుంది. ఇక్కడి జనాభా స్థిరంగా ఉండదు. కార్గో గోదాముల్లో రాత్రి షిఫ్టు చేసే బిహారీ కుర్రాళ్లు, అపార్టుమెంట్లు కట్టే ఒడియా కుటుంబాలు, భూములు పోగా మిగిలిన పాత ఊళ్ల రైతులు, గేటెడ్ కమ్యూనిటీల ఉద్యోగులు అందరూ ఒకే ఉపకేంద్రం పరిధిలో ఉంటారు. మైదాన ప్రాంతంలో ఉపకేంద్రానికి 5,000 మంది, ప్రాథమిక కేంద్రానికి 30,000 మంది అన్నది పాత కొలమానం. గోదాము కట్టడం మొదలైన నెలలో అది ఎక్కడ నిలుస్తుంది? అడ్డాలోని గర్భిణి ఆధార్ ఒడిశాలోని సుందర్‌గఢ్‌లో ఉంటే ఆమె ఏఎన్ఎం లెక్కలోకి రాదు. లెక్కలోకి రాకపోతే టార్గెట్ శాతం చెడదు. పోలియో వారం ఎక్స్ గుర్తు పడే గడప ఇదే. మామూలు వారాల్లో ఆ గుర్తు వేసేవారు లేరు. జీహెచ్ఎంసీలో కలిశాక పట్టణ ఆరోగ్య కేంద్రాలను, బస్తీ దవాఖానలను ఎలా పంచుకోవాలో తేల్చేటప్పుడు, బోర్డు మీద పేరు కన్నా ముందు ఈ గుర్తు వేసే బాధ్యత ఎవరిదో రాసుకోవడం మంచిది.

నింద లేకుండా అడిగే పద్ధతి మన దగ్గరా ఉంది. తల్లి మరణాల సమీక్షకు దేశమంతటా ఒక ఫారం ఉంది. పేరు బయటపెట్టకూడదు, నింద వేయకూడదు అని మార్గదర్శకాల్లోనే రాసి ఉంది. అందులో మూడు జాప్యాల గురించి అడుగుతారు. ఆస్పత్రికి వెళ్లాలని ఇంట్లో తేల్చుకోవడంలో జరిగిన జాప్యం, చేరుకోవడంలో జాప్యం, చేరాక వైద్యం అందడంలో జాప్యం. శంషాబాద్ నుంచి పేట్లబురుజు ప్రసూతి ఆస్పత్రికి వెళ్లే దారిలో ఆరాంఘర్ చౌరస్తా రెండో జాప్యానికి మారుపేరుగా ఉండేది. 2025 జనవరిలో ఆరాంఘర్ నుంచి జూపార్కు దాకా నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్ తెరిచాక సైరన్ వేసుకున్న 108కు కాస్త ఊపిరాడుతోంది.

మూడో జాప్యం మాత్రం చాలాసార్లు ఒక చీటీలో మొదలవుతుంది. కింది ఆస్పత్రిలో పరిస్థితి చేయిదాటుతోందనగానే ఓపీ చీటీ వెనక ‘పై ఆస్పత్రికి పంపడమైనది’ అని ఒక్క ముక్క రాసి, సంతకం పెట్టి, బంధువు చేతిలో పెడతారు. బీపీ ఎంత, ఏ ఇంజెక్షన్ ఎన్నింటికి ఇచ్చారు, రక్తం గ్రూపు ఏమిటి, ఏదీ ఉండదు. ముందుగా ఫోను ఉండదు. పై ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు మొదటినుంచి మొదలుపెడుతుంది, ‘ఇంత లేటుగా తెస్తారా’ అని బంధువును కసురుతుంది. ఆ చీటీలో ఏముండాలో కింది నర్సు, పై నర్సు ఓ పూట కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే పని ఇది. దానికి జీవో అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. కానీ ఆ ఇద్దరూ రెండు వేర్వేరు శాఖల కింద పనిచేస్తారు, వాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టే అధికారం ఉన్నవారు ఎవరన్నది ఏ ఉత్తర్వులోనూ లేదు. ఆ తల్లి బిడ్డతో క్షేమంగా ఇల్లు చేరిన సంగతి కూడా పంపిన దవాఖానకు ఎక్కువసార్లు కాగితం మీద రాదు. వారం తర్వాత టీకా రోజున, ఆశ కార్యకర్త చెబితే తెలుస్తుంది.